ట్రావెల్ పోస్టర్‌కు రంగులు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మ బాగా కుదిరింది, రంగులు వేశాక తేలిపోయింది. ట్రావెల్ పోస్టర్ వేసేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. ఈ విషయంలో నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నల్ని, వాటికి నేను తంటాలు పడి తెలుసుకున్న జవాబుల్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, కాగితం మీద కుంచెతో వేసినా పనికొచ్చేలాగే రాశాను.

అందమైన ఫొటో పెట్టి, పైన ఊరి పేరు రాస్తే పోస్టర్ కాదా?

అవుతుంది. కానీ ఫొటోలో కెమెరా ముందు ఉన్నదల్లా పడుతుంది. కరెంటు తీగలు, పార్కింగ్‌లో కార్లు, ఎవరిదో ఎర్ర టోపీ, అన్నీ. పోస్టర్‌లో మీరు ఉంచినవే ఉంటాయి. గోడ మీది పోస్టర్‌ని ఎవరూ నిలబడి చదవరు, నడుస్తూ ఒక చూపు చూసి వెళ్లిపోతారు. ఆ ఒక్క చూపులో ముందుగా అందేది రంగే. అక్కడ చల్లగా ఉంటుందా, ఎండ కాస్తోందా, పొద్దు గూకుతోందా అన్నది ఊరి పేరు చదవకముందే తెలిసిపోవాలి.

పాత రైల్వే పోస్టర్లలో, ఓడల పోస్టర్లలో రంగులు చాలా తక్కువ. అయినా అంత బాగుంటాయెందుకు?

తక్కువ కాబట్టే బాగుంటాయి. ఆ తక్కువ కూడా వాళ్లు కోరి తెచ్చుకున్నది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో రంగుల పోస్టర్లు లిథోగ్రఫీ పద్ధతిలో, అంటే రాతి మీద బొమ్మ గీసి అచ్చువేసేవారు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఫ్రెంచ్ పోస్టర్ చిత్రకారుడు జూల్ షెరె 1866లో పారిస్‌లో సొంత ముద్రణశాల పెట్టుకుని ఈ పద్ధతికి మంచి ఊపు తెచ్చాడు. ఒక రంగు పెంచితే ఒక రాయి పెరిగేది, కాగితాన్ని ఇంకోసారి అచ్చుకి ఎక్కించాల్సి వచ్చేది. అమెరికాలో 1938 నుంచి 1941 వరకు జాతీయ పార్కుల కోసం వేసిన 14 పోస్టర్లు సిల్క్‌స్క్రీన్ పద్ధతిలోవి, అంటే సన్నటి బట్ట తెర గుండా సిరాని కాగితం మీదకి దింపినవి. అక్కడా అంతే, రంగుకో స్టెన్సిల్.

అందుకని చిత్రకారుడు ఒకే రంగుతో రెండు మూడు పనులు చేయించుకోవాల్సి వచ్చేది. కొండ నీడకు వాడిన ముదురు నీలమే చెట్టు కాండానికి, దానితోనే అక్షరాలు కూడా. మనకి ఇప్పుడు ఎన్ని రంగులు కావాలన్నా ఒక క్లిక్ దూరం. ఆ బిగువు మనంతట మనమే పెట్టుకోవాలి. నేనైతే కొత్త ఫైల్ తెరవగానే ఐదు స్వాచ్‌లు, అంటే రంగు నమూనాలు, పెట్టుకుని, ఆరోది కావాలంటే ఒకటి తీసేయాలని నియమం పెట్టుకుంటాను. చాలాసార్లు తప్పుతాను కూడా, అది వేరే విషయం.

సరే, మొదట ఏ రంగుతో మొదలుపెట్టాలి?

రంగుతో మొదలుపెట్టకండి. వేళతో మొదలుపెట్టండి.

సముద్రం అనగానే నీలం, చెట్టు అనగానే ఆకుపచ్చ, ఇసుక అనగానే పసుపు వేసేయడం మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటు. అది వస్తువుల రంగు. ట్రావెల్ పోస్టర్‌కి కావాల్సింది వెలుగు రంగు. అదే బీచ్ తెల్లవారుజామున బూడిద కలిసిన లేత గులాబీలో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఇసుక దాదాపు తెల్లగా మెరుస్తుంది, నీడలు చిన్నవై నల్లబడతాయి. సూర్యాస్తమయానికి ఇసుక నారింజకి తిరుగుతుంది, నీడలు వంకాయ రంగులోకి దిగుతాయి. వర్షం పడేముందు అంతా పొగరంగు, ఒక్క నురగ మాత్రం తెల్లగా ఉంటుంది. ఒకే చోటు, నాలుగు వేరు వేరు పోస్టర్లు.

కాబట్టి ముందు ఒక వాక్యం రాసుకోండి: ‘మబ్బు విడిచిన పది నిమిషాలకి లోయ’ లాంటిది. రాసేటప్పుడు ఉత్త ‘నీలం’ అనకుండా ‘నెమలికంఠం నీలం’, ఉత్త ‘ఎరుపు’ అనకుండా ‘ఇటుక ఎరుపు’ అనండి. మన భాషలో రంగుల పేర్లు చాలావరకు ఏదో ఒక వస్తువుని పట్టుకుని ఉంటాయి. మావిచిగురు, మీగడ, గంధం, చిలకపచ్చ అనగానే కంటి ముందు ఒక ఛాయ నిలబడుతుంది. ఆ వాక్యంలో మూడు రంగుల పేర్లు వచ్చాయంటే మీ కలర్ స్కీమ్, అంటే రంగుల కూర్పు, సగం తయారైనట్టే.

కలర్ స్కీమ్‌లు ఎన్ని రకాలు? దేన్ని ఎప్పుడు వాడాలి?

రంగుల్ని వరసగా గుండ్రంగా పేర్చిన రంగుల చక్రం మీద ఏ రంగుకి ఏది పక్కన ఉంది, ఏది ఎదురుగా ఉంది అన్నదాన్ని బట్టి పేర్లు పెట్టారు. పక్కపక్కనే ఉన్న మూడు నాలుగు రంగులు తీసుకుంటే అనలాగస్. పసుపు, నారింజ, ఎరుపు అలాంటివి. ఆకుపచ్చ, నీలిపచ్చ, నీలం కూడా. గొడవ ఉండదు, కంటికి హాయి. అడవి, పొగమంచు, ప్రశాంతమైన సరస్సు లాంటివాటికి బాగా నప్పుతుంది. దీనితో చిక్కు ఏమిటంటే అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నీరసంగా కనబడవచ్చు.

ఎదురెదురు రంగులు తీసుకుంటే కాంప్లిమెంటరీ. నారింజ–నీలం జోడీని ట్రావెల్ పోస్టర్లలో ఎందుకంతగా వాడతారో తెలుసుకోవాలంటే నమీబియాలోని డెడ్‌వ్లే ఫొటో ఒకటి చూడండి. నారింజ ఎరుపు ఇసుక దిబ్బలు, పైన గాఢమైన నీలి ఆకాశం, కింద తెల్లటి బంకమట్టి నేల, దాని మీద ఎప్పుడో ఎండిపోయి నల్లబడిన చెట్లు. ప్రకృతే ఒక ఎదురెదురు జోడీని వేసి, పైన తెలుపు, నలుపు చేర్చి పెట్టింది. ఎదురు రంగుల్ని మాత్రం సగం సగం పంచకండి. ఒకటి రాజు, ఇంకోటి బంటు. రెండూ రాజులైతే కొట్టుకుంటాయి.

స్ప్లిట్ కాంప్లిమెంటరీ అంటే ఎదురు రంగుకి బదులు దానికి అటూ ఇటూ ఉన్న రెండింటిని తీసుకోవడం. మొదటిసారి పోస్టర్ వేసేవాళ్లకి నేను ఇదే చెబుతాను. ఎదురెదురు రంగుల చురుకు ఉంటుంది, మొహం మీద కొట్టినట్టు ఉండదు. ఒకే రంగుని లేత నుంచి ముదురు దాకా వాడితే మోనోక్రోమ్. మొరాకోలో నీలి గోడలతో పేరుపడ్డ శెఫ్‌షావెన్ లాంటి ఊరికి ఇంకేం కావాలి? అక్కడ కూడా ఒక మట్టిరంగు పూలకుండీ పెడితేనే ఆ నీలం నీలంగా కనిపిస్తుంది.

చక్రం మీద సమాన దూరంలో ఉన్న మూడు రంగుల్ని తీసుకునే ట్రయాడ్ కూడా ఉంది. జాతర్లకి, సర్కస్‌కి, పిల్లల పార్కులకి సరదాగా ఉంటుంది. కొండకో, గుడికో, ఎడారికో నేనెప్పుడూ వాడలేదు.

యాప్‌లో ఎరుపుకి ఎదురుగా ఆకుపచ్చ కాకుండా లేత నీలిపచ్చ కనిపిస్తోంది. ఏది సరైనది?

రెండూ సరైనవే. పెయింట్ కలిపే చక్రంలో మూలరంగులు ఎరుపు, పసుపు, నీలం. అందులో ఎరుపుకి ఎదురు ఆకుపచ్చ. స్క్రీన్ వెలుగుతో పనిచేస్తుంది, దాని మూలరంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అందులో ఎరుపుకి ఎదురు సయాన్. ఏదో ఒక చక్రాన్ని పట్టుకుని ఆ పోస్టర్ అయ్యేదాకా దానితోనే ఉండండి. చక్రం దారి చూపించడానికే, చివరికి తేల్చేది కన్నే.

అందరూ ‘వాల్యూ చూసుకో’ అంటారు. అంటే ఏమిటి?

రంగుకి మూడు సంగతులుంటాయి. అది ఎరుపా నీలమా అన్నది హ్యూ. ఎంత గాఢంగా ఉంది, ఎంత బూడిద కలిసింది అన్నది శాచురేషన్. ఎంత లేత, ఎంత ముదురు అన్నది వాల్యూ. ఈ మూడింట్లో జనం హ్యూ గురించే గంటలు గంటలు ఆలోచిస్తారు. పోస్టర్‌ని నిలబెట్టేది వాల్యూ.

పరీక్ష సులువు. ఫైల్‌ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి, లేదా కళ్లు సగం మూసి చూడండి. కొండ కొండలా, ఆకాశం ఆకాశంలా విడివిడిగా కనిపిస్తున్నాయా? అంతా ఒకే బూడిద ముద్దలా ఉంటే రంగులు ఎన్ని మార్చినా లాభం లేదు. ఎరుపు గోడ పక్కన ఆకుపచ్చ చెట్టు రంగుల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ కలిసిపోవచ్చు. అలా కలిసిపోయినచోట దూరం నుంచి కూడా గజిబిజిగానే ఉంటుంది.

ఇంకో చిక్కు. యాప్‌లో బ్రైట్‌నెస్ అంకె 100 ఉన్నంత మాత్రాన రెండు రంగులు సమానంగా వెలగవు. పూర్తి పసుపు కంటికి దాదాపు తెలుపంత లేతగా ఉంటుంది, పూర్తి నీలం ముదురుగా ఉంటుంది. అంకెల్ని నమ్మకండి, బూడిదలోకి మార్చి చూడండి.

పాతవాళ్లలో దీన్ని గొప్పగా చేసి చూపించినవాడు ఫ్రెంచ్ పోస్టర్ చిత్రకారుడు కసాండ్ర్. 1935లో ‘నార్మండీ’ ఓడకి ఆయన వేసిన పోస్టర్‌లో ఓడని ముందువైపు నుంచి, మనం నీళ్ల దగ్గరుండి తలెత్తి చూసినట్టు చూపించాడు. లేత ఆకాశం మీద పెద్ద ముదురు ఆకారం. కింద నీటి దగ్గర చిటికెడంత తెల్ల పక్షులు. ఓడ ఎంత పెద్దదో ఆ తెల్ల చుక్కలే చెబుతాయి. రంగులన్నీ తీసేసినా ఆ పోస్టర్ పనిచేస్తుంది.

ఒక పోస్టర్‌కి మొదటి నుంచి చివరి దాకా రంగులు ఎలా వేశారో చెబుతారా?

బండరాయి మీద లైట్‌హౌస్, చుట్టూ సముద్రం. చాలామంది వేసే బొమ్మే, నేనూ వేశాను. మొదటిసారి ఉన్నదున్నట్టు రంగులు వేశాను. నీలి ఆకాశం, నీలి సముద్రం, తెల్ల స్తంభం, దాని మీద ఎర్ర పట్టీలు, రాతి మీద పచ్చ గడ్డి. స్కూల్లో గోడకి తగిలించే చార్టులా వచ్చింది. తప్పేం లేదు, చూడాలని మాత్రం ఎవరికీ అనిపించదు.

అప్పుడు వాక్యం రాసుకున్నాను: ‘పొద్దు గూకింది, దీపం ఇప్పుడే వెలిగింది.’ దాంతో పచ్చ గడ్డి, ఎర్ర పట్టీలు రెండూ ఎగిరిపోయాయి, ఆ వెలుగులో అవి కనిపించవు. రంగుల్ని హెచ్‌ఎస్‌బీ అంకెల్లో, అంటే హ్యూ, శాచురేషన్, బ్రైట్‌నెస్ వరుసలో పెట్టుకున్నాను (హ్యూ చక్రం మీద డిగ్రీల్లో, మిగతా రెండూ నూటికి). దిగంతం దగ్గర ఆకాశం 38, 45, 98. అది లేత నారింజ. ఆకాశం పైభాగం 12, 50, 85, కాస్త మండిన పగడం రంగు. సముద్రం 205, 60, 45. రాయి 225, 60, 22, నలుపుకి దగ్గరగా ఉండే నీలం. స్తంభానికి మీగడ రంగు, 42, 12, 98.

వేసి చూస్తే లైట్‌హౌస్ మాయం. లేత నారింజ మీద మీగడ రంగు, రెండూ లేతే. బ్లాక్ అండ్ వైట్‌లో స్తంభం ఉన్నచోట ఖాళీ ఆకాశం ఉంది! పోస్టర్‌లో ముఖ్యమైన వస్తువే కనబడకుండా పోయింది. చుట్టూ ముదురు గీత గీసి గట్టెక్కుదామనిపించింది. అలా చేస్తే అది రంగుల పుస్తకంలో బొమ్మ అవుతుంది. ఆలోచిస్తే తప్పు నా వాక్యంలోనే దొరికింది. పొద్దు స్తంభం వెనక గూకుతుంటే స్తంభం తెల్లగా ఎలా ఉంటుంది? ముదురుగా ఉండాలి. స్తంభానికి రాతి రంగే వేసి, ఎడమ అంచున మాత్రం సన్నటి లేత నారింజ పట్టీ ఉంచాను. ఇప్పుడు రాయీ, స్తంభమూ ఒకే ఆకారమై నిలబడ్డాయి. ఒక రంగు కూడా మిగిలింది.

ఆ మిగిలిన చోటులో దీపానికి 52, 70, 100 పసుపు పెట్టాను. పోస్టర్ మొత్తంలో ఆ పసుపు ఇంకెక్కడా లేదు, అక్షరాల్లో కూడా వాడలేదు. దీపం వెనక లేత నారింజ ఉంటే మళ్లీ పాత కథే కాబట్టి స్తంభాన్ని కొంచెం పొడవు చేసి, దీపం పగడం రంగు మీదకు వచ్చేలా జరిపాను. ఊరి పేరుకి దిగంతం దగ్గరి లేత నారింజే వాడాను. దాన్ని కింద ముదురు రాతి మీద రాశాను. కాంట్రాస్ట్, అంటే లేత, ముదురుల మధ్య తేడా, 11:1 పైనే వచ్చింది, కాబట్టి అక్షరాల గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఏ రంగు ఎంత మేరకు ఉండాలి? 60-30-10 అనే లెక్క పాటించాలా?

ఇంటీరియర్ డిజైన్‌లో బాగా వినిపించే లెక్క అది. ముఖ్యమైన రంగు 60 శాతం, తోడు రంగు 30, మెరుపు రంగు 10. మొదట్లో పట్టుకోవడానికి బాగుంటుంది. పోస్టర్‌లో నేను మెరుపు రంగుకి 10 కూడా ఎక్కువే అంటాను. పైన చెప్పిన దీపం మొత్తం కాగితంలో ఒక్క శాతం కూడా ఉండదు.

ఒకే స్వాచ్‌ని రెండు చోట్ల వాడాను. ఒకచోట మురికిగా, ఇంకోచోట శుభ్రంగా కనిపిస్తోంది. మానిటర్ పోయిందా?

మానిటర్ బాగానే ఉంది. పక్కనున్న రంగు చేస్తున్న పని అది. పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త అద్దకాల విభాగం చూసేవాడు. అక్కడ అద్దిన నలుపు దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చేవి. ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు, దారం పక్కన నేసిన రంగుల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ప్రతి రంగూ పక్కదాని మీదకి తన ఎదురు రంగుని కాస్త తోస్తుందని ఆయన తేల్చి, 1839లో ఆ సంగతులన్నీ ప్రచురించాడు.

దీన్ని మీకు అనుకూలంగా వాడుకోవచ్చు. ఉత్త బూడిద రంగుని నారింజ ఆకాశం మీద పెడితే నీలంగా అనిపిస్తుంది. అంటే దూరపు కొండలకి వేరే నీలం స్వాచ్ అక్కర్లేదు, బూడిదే సరిపోతుంది. ఒక రాయి మిగిలినట్టే! రంగుని ఎప్పుడూ విడిగా తెల్ల కాగితం మీద చూసి ఎంచుకోకండి, అది ఉండబోయే చోట పెట్టి చూడండి.

కొండల వరుసలో దూరం కనబడటం లేదు. ఏం చేయాలి?

దూరం పోయేకొద్దీ మనకీ కొండకీ మధ్య గాలి పెరుగుతుంది. ఆ గాలి నీలి వెలుగుని ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకే దూరపు కొండ లేతగా, నీలంగా, అంచులు మెత్తబడి కనిపిస్తుంది. పోస్టర్‌లో కొండల్ని మూడు నాలుగు వరసలుగా విడదీస్తే చాలు. ముందున్నది ముదురు, వెచ్చని రంగు. తర్వాతది కొంచెం లేత, కొంచెం చల్లన. చివరిది దాదాపు ఆకాశంలో కలిసిపోవాలి. వరసల మధ్య తేడా సమానంగా ఉండక్కర్లేదు. మొదటి రెండింటి మధ్య పెద్ద అగాధం, వెనకాల చిన్న చిన్న తేడాలు ఉంటే లోతు ఎక్కువ తెలుస్తుంది. సూర్యాస్తమయంలో మాత్రం వెనక కొండలు నీలానికి బదులు నారింజలోకి కరుగుతాయి. అందుకే ముందు వేళ తేల్చుకోమన్నది.

ఫొటో ఇస్తే రంగులు తీసిచ్చే టూల్స్ ఉన్నాయి కదా, అవి వాడొచ్చా?

వాడండి, నేనూ వాడతాను. కానీ చాలా టూల్స్ దగ్గర దగ్గర రంగుల్ని గుంపు చేసి, గుంపుకో సగటు ఇస్తాయి. సగటు తీస్తే రంగు మట్టిపాలవుతుంది. ఫొటోలో మనల్ని ఆపిన ఆ చిన్న ఎర్ర తెరచాప ఏ గుంపులోనూ రాకపోవచ్చు. టూల్ ఇచ్చిన ఐదింట్లో రెండు ఉంచుకుని, వాటిలో ఒకదాని గాఢత పెంచి, మిగతావి మీ కంటితో తీసుకోండి.

నేనెప్పుడూ వెళ్లని చోటుకి పోస్టర్ వేయొచ్చా?

నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ వాళ్లు ఏ మనిషీ వెళ్లని గ్రహాలకే ట్రావెల్ పోస్టర్లు వేశారు. అందులో కెప్లర్-186ఎఫ్ అనే గ్రహం పోస్టర్‌లో చెట్లూ గడ్డీ ఎర్రగా ఉంటాయి. ఊరికే వింతగా ఉంటుందని కాదు. ఆ గ్రహం తిరిగే నక్షత్రం మన సూర్యుడికన్నా చల్లనిది, దాని వెలుగు ఎరుపువైపు ఉంటుంది. ఆ వెలుగులో మొక్కలంటూ ఉంటే వాటి రంగు మన ఆకుల్లా ఉండకపోవచ్చు. చూడని చోటుకి కూడా ఒక కారణం నుంచి రంగు పుట్టించారు.

మీరు వెళ్లని ఊరికి కూడా అలాగే కారణాలు వెతకండి. అక్కడి రాయి ఏమిటి? సున్నపురాయి అయితే మీగడ రంగు, నల్లరాయి అయితే నీలం కలిసిన బూడిద. గాలిలో తేమా, దుమ్మా? సూర్యుడు నడినెత్తికి వస్తాడా, ఏటవాలుగానే తిరుగుతాడా? ఈ మూడూ తెలిస్తే చూసొచ్చినవాళ్లు కూడా ‘అవును, ఇలాగే ఉంటుంది’ అంటారు. సెర్చ్‌లో మొదట వచ్చే పది ఫొటోలు మాత్రం నమ్మకండి, చాలావాటికి ఫిల్టర్లు ఉంటాయి.

పాత పోస్టర్ రంగులు నచ్చాయి. అవే తీసుకుంటే అది ఒరిజినల్ అవుతుందా?

ఉత్త రంగుల జోడింపు మీద ఎవరికీ కాపీరైట్ ఉండదనేదే మామూలు పద్ధతి. బొమ్మ కూర్పుకి, ఆకారాలకి ఉంటుంది. అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఒరిజినల్ అనిపించుకోదు. ఒక పోస్టర్ నుంచి రంగులూ, అక్షరాల తీరూ, ముందు చెట్టు వెనక కొండ అనే అమరికా మూడూ తెచ్చుకుంటే అది దానికి నకలే, ఊరి పేరు మారిందంతే. మూడింట్లో ఒకటే తెచ్చుకోండి.

నేను చేసేది ఇంకోటి ఉంది. నచ్చిన పోస్టర్‌ని బూడిదలోకి మార్చి ముదురు, లేత ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో ఒక చిన్న కాగితం మీద గుర్తు పెట్టుకుంటాను. ఆ తర్వాత అసలు పోస్టర్‌ని మూసేసి, నా వాక్యంలోని రంగుల్ని ఆ మెట్లలో కూర్చుతాను. చివరికి వచ్చినదాన్ని చూసి ఎక్కడి నుంచి తెచ్చానో నాకే గుర్తుండదు.

ఊరి పేరు ఏ రంగులో రాయాలి?

పోస్టర్‌లో ఇప్పటికే ఉన్న రంగులోనే. అక్షరాల కోసం ప్రత్యేకంగా కొత్త రంగు తెచ్చారంటే అవి పైన అతికించినట్టే కనిపిస్తాయి. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో మామూలు అక్షరాలకి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1 కాంట్రాస్ట్ ఉండాలంటారు. అవి స్క్రీన్ కోసం రాసినవే అయినా పోస్టర్‌కీ మంచి కొలతే. తెలుగు అక్షరాలకి నేను ఇంకాస్త ఎక్కువే ఉంచుతాను. గుడి, సుడి, ఒత్తులు సన్నగా ఉంటాయి, కాంట్రాస్ట్ తగ్గితే ముందు అవే మాయమవుతాయి. అక్షరాల వెనక ఒకే రంగు మైదానం ఉండేలా బొమ్మలోనే ముందుగా చోటు వదిలిపెట్టండి. తర్వాత నీడలూ, అంచులూ తగిలించి గట్టెక్కించే పని రాదు.

రంగులు సరిగా గుర్తించలేనివాళ్ల సంగతి?

ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. ఆడవాళ్లలో ఇది అర శాతం దగ్గర ఉంటుంది. అంటే గది నిండా జనం ఉంటే ఒకరిద్దరైనా ఉంటారు. వాల్యూ పరీక్షలో నెగ్గిన పోస్టర్ వాళ్లకీ చాలావరకు అందుతుంది. ఆకుపచ్చ అడవిలో ఎర్ర గుడారం లాంటి బొమ్మ వేసేటప్పుడు మాత్రం గుడారాన్ని బాగా లేతగానో, బాగా ముదురుగానో ఉంచండి.

గ్రేడియంట్, అంటే ఒక రంగు మెల్లగా ఇంకోదాంట్లోకి కరగడం, వాడొచ్చా? పాత పోస్టర్లలో అంతా చదునైన రంగులే కదా.

వాడొచ్చు. జపాన్ చెక్క అచ్చుల్లో ‘బొకాషి’ అని ఒక పద్ధతి ఉంది. చెక్క మీద రంగుని తడితో తుడుస్తూ పల్చబరుస్తారు, దాంతో ఆకాశం పైన గాఢంగా మొదలై కిందకి కరిగిపోతుంది. పోస్టర్‌లో అలాంటిది ఒక్కచోట, సాధారణంగా ఆకాశంలో, ఉంటే చదునైన రంగులకి ఊపిరి వస్తుంది. కొండకీ, నీటికీ, చెట్టుకీ, అక్షరాలకీ కూడా పెడితే ప్లాస్టిక్‌లా తయారవుతుంది. ఎదురెదురు రంగుల మధ్య నేరుగా గ్రేడియంట్ గీస్తే మధ్యలో బూడిద మురికి వస్తుంది. మధ్యలో మూడో రంగు ఒకటి మీరే పెట్టండి. నారింజ నుంచి నీలానికి వెళ్లేటప్పుడు లేత గులాబీ మీదుగా వెళ్తే చక్కగా ఉంటుంది.

స్క్రీన్ మీద మెరిసిన రంగులు ప్రింట్‌లో ఎందుకు చచ్చిపోతాయి?

స్క్రీన్ వెలుగుని వదులుతుంది, కాగితం తన మీద పడ్డ వెలుగుని తిప్పి పంపుతుంది. ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్లో, ఉన్న కొన్ని రంగులు సీఎంవైకే, అంటే అచ్చులో వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు, సిరాలతో అసలు రావు. మెరిసే ఆకుపచ్చ, నియాన్ గులాబీ, గాఢమైన నీలం ఆ జాబితాలో ముందుంటాయి.

నాకు ఇది నీలంతోనే తెలిసింది. రాత్రి సముద్రం మీద పోస్టర్ వేశాను, స్క్రీన్ మీద ఆ నీలం చూస్తే నాకే ముద్దొచ్చింది. ప్రింట్ అయి వచ్చిన కట్ట విప్పితే సముద్రమంతా వెలిసిపోయిన వంకాయ రంగు. ప్రింట్ వాళ్ల తప్పేమీ లేదు, శాంపిల్ కాపీ చూపిస్తామంటే తొందరలో అక్కర్లేదన్నది నేనే. నీలం అచ్చులో సయాన్, మెజెంటా కలిసి వస్తుంది. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఊదావైపు తిరుగుతుంది. సయాన్ కన్నా మెజెంటా కనీసం 30 శాతం తక్కువ ఉండేలా చూసుకుంటే నీలం నీలంగానే ఉంటుంది.

మిగతా జాగ్రత్తలు మామూలువే. రంగులు ఎంచుకునేటప్పుడే సాఫ్ట్‌వేర్‌లో ప్రింట్ ప్రివ్యూ తెరిచి పెట్టుకోండి. ఏ3 సైజు 297×420 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3508×4961 పిక్సెల్స్. అంచులకి 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కోతలో పోవడానికి అదనపు రంగు, వదలండి. నునుపు లేని కాగితం సిరాని పీల్చుకుంటుంది, ముదురు రంగులు ఇంకా ముదిరి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అలాంటి కాగితమైతే నీడల్ని స్క్రీన్ మీద మీకు నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతగా ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క కాపీ ముందు తీయించి పగటి వెలుగులో చూడండి.

నలుపు వాడొచ్చా?

వాడొచ్చు. నేను సాధారణంగా ఆ పోస్టర్‌లోని చల్లని రంగునే బాగా ముదురు చేసి నలుపు స్థానంలో పెడతాను, మిగతా రంగులతో చుట్టరికం ఉంటుంది. నలుపే కావాలంటే, ఎక్కువ మేర నలుపు పరుచుకున్న చోట్లకి ఒక్క నల్ల సిరా మాత్రమే వేస్తే బూడిదలా వస్తుంది. దానికి కొంచెం సయాన్, మెజెంటా, పసుపు కలపండి. మొత్తం సిరా ఎంత శాతం దాటకూడదో ప్రింట్ వాళ్లని అడగండి. చిన్న అక్షరాలకి మాత్రం ఒక్క నల్ల సిరానే ఉంచాలి. నాలుగు సిరాలు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా అంచుల్లో రంగులు తొంగి చూస్తాయి.

ఫైల్‌లో లేయర్లకి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలకి, ఏం పేర్లు పెట్టాలి?

రంగు పేరు పెట్టకండి, అది చేసే పని పేరు పెట్టండి. ‘ఆకాశం పైన’, ‘దూరపు కొండ’, ‘దీపం’ ఇలా. స్వాచ్‌లకీ అంతే. స్కీమ్ మధ్యలో ఒకటికి పదిసార్లు మారుతుంది. నా పాత ఫైల్ ఒకదాంట్లో ‘నీలం 2’ అనే లేయర్ ఇప్పటికీ ఇటుక ఎరుపులో ఉంది, ‘ఎరుపు కొత్తది’ అన్నది ఎక్కడుందో ఇంకా దొరకలేదు.